బ్యాంకు కట్ చేసిన చార్జీలు వెనక్కి రాబట్టుకోవడం ఎలా?

"జీతం పడిన గంటకే రూ.590 కట్ అయింది, ఎందుకు?" "మినిమం బ్యాలెన్స్ లేదని రెండు నెలలుగా కోస్తున్నారు, అడిగితే తిరిగి ఇస్తారా?" ఈ రెండు ప్రశ్నలే మాటలు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తున్నాయి. సూటిగా చెప్పాలంటే, కొన్ని చార్జీలు బ్యాంకు తిరిగి ఇచ్చి తీరాలి. కొన్ని బతిమాలితే ఇస్తారు. కొన్ని ఎంత తిరిగినా రావు. మీది ఈ మూడింటిలో ఏదో తేల్చుకోకుండా బ్రాంచికి వెళ్తే కౌంటర్ దగ్గర గొంతు నొప్పి తప్ప ఏమీ దక్కదు.

ముందుగా ఒక్క మాట. మన దగ్గర మామూలు సేవింగ్స్ ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు తన సొమ్ము వేసి చెల్లించదు. చెక్కునో ఈఎంఐనో వెనక్కి పంపి, పంపినందుకు చార్జీ వేస్తుంది. ఎఫ్‌డీ మీదో జీతం మీదో ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకునే అప్పు) తీసుకున్నవాళ్లకు పడేది వడ్డీ, ఆ లెక్క వేరు. ఇక్కడ చెప్పేది సేవింగ్స్ ఖాతాల్లో పడే కోతల గురించి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- కనీసం ఆరు నెలల స్టేట్‌మెంట్. మినీ స్టేట్‌మెంట్ చాలదు, రోజువారీ నిల్వ కనిపించాలి.
- మీ ఖాతా రకం పేరు. సేవింగ్స్ అని మాత్రమే కాదు, అందులో ఏ రకమో పాస్‌బుక్ మొదటి పేజీలోనో యాప్‌లోనో ఉంటుంది.
- ఆ రకానికి బ్యాంకు ప్రకటించిన సర్వీస్ చార్జీల పట్టిక. ప్రతి బ్యాంకు వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. కోత పడిన నాటికి అమల్లో ఉన్న పట్టికే చూడండి.
- బ్యాంకు నుంచి వచ్చిన ఎస్సెమ్మెస్‌లు, మెయిళ్లు. ఇన్‌బాక్స్ ఖాళీ చేసే అలవాటు ఉంటే ఇవాళ్టి నుంచి మానేయండి.
- ఈఎంఐ విషయమైతే లోన్ నంబరు, మాండేట్ నంబరు. మాండేట్ అంటే వాయిదా సొమ్మును ఖాతా నుంచి నేరుగా తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతి.

హెచ్చరిక: కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు. రిఫండ్ ఇప్పిస్తామని చెప్పి ఖాతా ఊడ్చేసేవాళ్లు అక్కడే కాచుకుని ఉంటారు. ఏటీఎం కార్డు వెనకో, పాస్‌బుక్ మీదో ఉన్న నంబరుకే చేయండి. డబ్బు రావడానికి ఓటీపీ గానీ, యూపీఐ పిన్ గానీ అక్కర్లేదు. ఎవరైనా అడిగారంటే ఫోన్ పెట్టేయడమే. ఇప్పటికే చెప్పేసి ఉంటే వెంటనే 1930కి కాల్ చేయండి.

1. కోత పేరు ఏమిటో చూడండి

స్టేట్‌మెంట్‌లో ఆ లైను ఎదురుగా ఏం రాసి ఉందో అక్షరం పొల్లు పోకుండా రాసుకోండి. "ఎంఏబీ", "ఏఎంబీ", "నాన్ మెయింటెనెన్స్" అని ఉంటే కనీస నిల్వ చార్జీ. "ఎన్ఏసీహెచ్ రిటర్న్", "ఈసీఎస్ రిటర్న్" ఉంటే ఈఎంఐనో, ఇన్సూరెన్స్ ప్రీమియమో, సిప్పో (మ్యూచువల్ ఫండ్ నెలవారీ వాయిదా) తిరిగి వెళ్లినందుకు. "ఏటీఎం డిక్లైన్" అంటే ఖాతాలో లేని డబ్బు కోసం మెషీన్‌లో ప్రయత్నించినందుకు. వీటన్నిటి మీదా 18 శాతం జీఎస్‌టీ పడుతుంది. రూ.500 చార్జీ రూ.590గా కనిపించేది అందుకే. కొన్ని బ్యాంకులు జీఎస్‌టీని వేరే లైనులో చూపిస్తాయి, దాన్నీ కలిపి రాసుకోండి.

పేరు అర్థం కాకపోతే ఊహించొద్దు. ఫలానా తేదీన ఫలానా మొత్తం దేనికి పట్టారని కస్టమర్ కేర్‌ను అడిగి, వాళ్లు చెప్పింది తేదీతో సహా రాసి పెట్టుకోండి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. రూ.436 తగ్గితే అది చార్జీ కాదు, ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. రూ.20 అయితే సురక్షా బీమా. ఏటా మే, జూన్ మధ్యలో పోతాయి. కాకపోతే బొటాబొటి నిల్వతో ఉన్న ఖాతాలో ఆ రూ.436 పోవడం వల్లే కనీస నిల్వ తగ్గి, అసలు చార్జీ ఆ తర్వాత పడటం కద్దు.

2. హక్కా, విన్నపమా తేల్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. కింద చెప్పిన వాటిలో ఏది మీకు వర్తించినా అది హక్కు. "దయచేసి" అని రాయొచ్చు గానీ, బతిమాలాల్సిన పని లేదు.

కనీస నిల్వ చార్జీ విషయంలో 2014 నవంబరు 20న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. 2015 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం:

- నిల్వ తగ్గిందని బ్యాంకు ముందు మీకు తెలపాలి. సరిచేసుకోవడానికి నోటీసు తేదీ నుంచి కనీసం నెల గడువు ఇవ్వాలి. ఆ తర్వాతే చార్జీ.
- ఎంత తగ్గిందో దానికి తగ్గట్టే చార్జీ ఉండాలి. రూ.200 తగ్గినవాడికీ, రూ.8,000 తగ్గినవాడికీ ఒకే బాదుడు కుదరదు. శ్లాబులు పెట్టుకోవచ్చు.
- ఈ చార్జీ వేయడం వల్ల మాత్రమే ఖాతా మైనస్‌లోకి పోకూడదు. సున్నా బ్యాలెన్స్ ఉన్న ఖాతా మైనస్ రూ.1,700 చూపిస్తోందంటే, ఆ మైనస్ కనీస నిల్వ చార్జీలదేనా కాదా చూడండి. అయితే మీ పని సగం అయినట్టే.

రెండేళ్లకు పైగా మీరు ఏ లావాదేవీ చేయని ఖాతా ఇనాపరేటివ్ అవుతుంది. అలాంటి ఖాతాలో కనీస నిల్వ చార్జీ వేయకూడదన్న నియమం 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆంధ్రా బ్యాంకు కాలం నాటి పాస్‌బుక్కు బీరువాలో ఉండిపోయి, 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయాక అటు వెళ్లనివాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. తీసి చూసుకోండి. జన్‌ధన్ ఖాతాలకూ, బేసిక్ సేవింగ్స్ ఖాతాలకూ అసలు కనీస నిల్వే లేదు.

స్టేట్ బ్యాంకు 2020 మార్చిలో అన్ని సేవింగ్స్ ఖాతాలకూ ఈ చార్జీ ఎత్తేసింది. కెనరా బ్యాంకు 2025 జూన్ నుంచి, పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా అదే ఏడాది జూలై నుంచి తీసేశాయి. బరోడాలో ప్రీమియం రకం ఖాతాలకు మినహాయింపు వర్తించదు. ఆ తేదీల తర్వాత పడిన కోత అయితే ఎందుకని నిలదీయొచ్చు. అంతకు ముందు పడింది మాత్రం ఈ కారణంతో వెనక్కి రాదు.

ఏటీఎం సంగతి. డబ్బు రాకుండా ఖాతాలో తగ్గిపోతే, లావాదేవీ జరిగిన రోజు కాక ఐదు రోజుల్లో తిరిగి జమ చేయాలి. దాటితే రోజుకు రూ.100 చొప్పున, మీరు అడగకపోయినా ఇవ్వాలి. ఉచిత లావాదేవీలు సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు 5. వేరే బ్యాంకువైతే హైదరాబాద్‌లో 3, విజయవాడ, వరంగల్ లాంటి చోట్ల 5. అవి దాటాక ఒక్కోదానికి గరిష్ఠంగా రూ.23, ఆపైన పన్ను. మెషీన్ పాడైనా, అందులో నోట్లు లేకపోయినా, నెట్‌వర్క్ పోయినా ఆ ప్రయత్నాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఇక విన్నపం కింద వచ్చేవి: నోటీసు వచ్చింది, లెక్కా సరిగ్గానే ఉంది, మీరే పట్టించుకోలేదు. లేదా ఖాతాలో నిజంగానే డబ్బు లేక ఈఎంఐ తిరిగి వెళ్లింది. వీటిని రద్దు చేయమని నియమం చూపించి అడగలేరు. మొదటిసారి అయితే, ఖాతా పాతదైతే, మర్యాదగా అడిగితే తీసేసే మేనేజర్లు ఉన్నారు. "మీరు రూల్స్ తప్పారు" అంటూ మొదలుపెడితే ఆ దారీ మూసుకుపోతుంది.

3. లెక్క వేయండి

సగటు నెలసరి నిల్వ అంటే నెలలో ప్రతి రోజూ చివర్లో ఉన్న నిల్వలన్నీ కూడి, రోజుల సంఖ్యతో భాగించగా వచ్చేది. నెలాఖరు రోజున రూ.10,000 ఉంటే చాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

కనీస సగటు రూ.10,000 అనుకుందాం. 30 రోజుల నెలలో మొదటి 10 రోజులు రూ.20,000, మిగతా 20 రోజులు రూ.4,000 ఉంది. రెండు లక్షలకు ఎనభై వేలు కలిపితే రూ.2,80,000. ముప్పైతో భాగిస్తే రూ.9,333. తగ్గింది రూ.667. పట్టికలో "తగ్గిన మొత్తంపై 6 శాతం లేదా రూ.500, ఏది తక్కువైతే అది" అని ఉంటే చార్జీ రూ.40, జీఎస్‌టీ రూ.7.20. అంతా కలిపి రూ.47.20. మీకు రూ.590 కట్ అయి ఉంటే తేడా మీ కళ్లెదుటే ఉంది. ఈ లెక్కను కాగితం మీద వేసి ఫిర్యాదుకు జత చేయండి. అంకెలు చూశాక అవతలివాళ్ల ధోరణి మారుతుంది.

నెల ఇంకా అయిపోలేదా? ఇదే లెక్క తిరగేసి వాడుకోవచ్చు. పై ఉదాహరణలో కావలసిన కూడిక రూ.3,00,000, తగ్గింది రూ.20,000. చివరి ఐదు రోజులు రూ.4,000 అదనంగా ఉంచినా, ఒక్క రోజు రూ.20,000 అదనంగా ఉంచినా సరిపోతుంది.

4. ఈఎంఐ బౌన్స్ అయితే కారణం అడగండి

ఇక్కడ కోత రెండు వైపులా పడుతుంది. మీ బ్యాంకు రిటర్న్ చార్జీ వేస్తుంది, అప్పు ఇచ్చిన సంస్థ బౌన్స్ చార్జీ వేస్తుంది. ఒకరిని అడిగితే "అది వాళ్లది" అని రెండోవాళ్ల మీదకు తోస్తారు. అందుకే మొదట మీ బ్యాంకును ఒకటే అడగండి: రిటర్న్ కారణం ఏమని నమోదైంది?

"నిల్వ చాలలేదు" అని ఉంటే ఆ రోజు స్టేట్‌మెంట్ చూడండి. మొత్తం నిల్వ కాదు, అందుబాటులో ఉన్న నిల్వ చూడాలి. పాత చార్జీల బకాయి కోసం బ్యాంకు కొంత సొమ్ముపై లీన్ పెడితే, అంటే మీరు వాడుకోకుండా ఆపి ఉంచితే, ఖాతాలో రూ.8,000 కనిపిస్తున్నా వాడుకోగలిగేది రూ.6,000 కావొచ్చు. అప్పుడు రూ.7,000 ఈఎంఐ బౌన్స్ అవుతుంది. ఆ లీన్ తప్పుడు చార్జీ కోసం పెట్టిందైతే, బౌన్స్ చార్జీ కూడా కలిపి అడగండి.

కారణం సంతకం తేడా అనో, మాండేట్ నమోదు కాలేదనో ఉంటే, డబ్బు ఉండి కూడా మీకు చార్జీ ఎందుకు వేశారన్నది న్యాయమైన ప్రశ్న. లోన్ మూసేశాక కూడా ఈఎంఐ కోసం పంపారా? క్లోజర్ లెటర్ జతచేసి రెండు చోట్లా ఫిర్యాదు ఇవ్వండి. మీ బ్యాంకులో మాండేట్ రద్దు చేసుకున్నాక కూడా డబ్బు పోతే బాధ్యత మీ బ్యాంకుదే, మర్నాటికల్లా సరిచేయాలి.

మా వీధిలో టిఫిన్ సెంటర్ నడిపే ఒకాయనకు ఒకే నెలలో, ఒకే ఈఎంఐకి రెండుసార్లు రిటర్న్ చార్జీ పడింది. 5న తిరిగి వెళ్లింది, ఆయన 6న లోన్ కంపెనీ మనిషి చేతికి నగదు ఇచ్చి రసీదు తీసుకున్నాడు, ఆ తర్వాత కంపెనీ మళ్లీ బ్యాంకుకు పంపింది. మొదటి చార్జీ ఆయనే భరించాలి. రెండోది ఆ రసీదు చూపించి కంపెనీ నుంచి రాబట్టాడు. రసీదు లేకుండా చేతికి డబ్బు ఇచ్చి ఉంటే అదీ పోయేది.

2021 ఆగస్టు 1 నుంచి ఈ మాండేట్ల వసూళ్లు ఆదివారాలు, సెలవుల్లో కూడా నడుస్తున్నాయి. "5వ తేదీ ఆదివారం కదా, సోమవారం వేద్దాం" అనుకుంటే బౌన్స్ ఖాయం. ముందురోజు సాయంత్రానికే డబ్బు ఉంచండి. చెక్కులూ అంతే. 2025 అక్టోబరు 4 నుంచి అదే రోజు క్లియర్ అవుతున్నాయి, రెండు రోజుల వెసులుబాటు ఇక లేదు.

5. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి

కౌంటర్ దగ్గర "సిస్టమే కట్ చేస్తుందండీ, మా చేతుల్లో లేదు" అంటారు. కట్ చేసేది సిస్టమే గానీ, తిరిగి వేసే దారి బ్యాంకు దగ్గర ఉంటుంది. వాదన పెట్టుకోకుండా కాగితం ఇవ్వండి. యాప్‌లోనో మెయిల్‌లోనో ఇచ్చినా ఫర్వాలేదు, ఫిర్యాదు నంబరు మాత్రం ఉండాలి. బ్రాంచిలో ఇస్తే రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. ఇలా రాయొచ్చు:

"నా సేవింగ్స్ ఖాతా నుంచి ఫలానా తేదీన 'నాన్ మెయింటెనెన్స్ చార్జెస్' పేరుతో రూ. ..., జీఎస్‌టీ రూ. ... తీసుకున్నారు. దీనికి ముందు నాకు ఎస్సెమ్మెస్, మెయిల్, లేఖ ఏదీ అందలేదు. నిల్వ తగ్గినప్పుడు తెలియజేసి కనీసం నెల గడువు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2014 నవంబరు 20 నాటి సర్క్యులర్ చెబుతోంది. నోటీసు పంపి ఉంటే ఏ తేదీన, ఏ నంబరుకు పంపారో తెలపండి. పంపకపోతే జీఎస్‌టీతో సహా రూ. ... నా ఖాతాలో తిరిగి జమ చేయగలరు."

విన్నపం అయితే నాలుగు మాటలు చాలు: ఎన్నేళ్ల ఖాతా, ఎందుకు తగ్గింది (జీతం ఆలస్యం, ఆసుపత్రి ఖర్చు, ఏదైతే అది), ఇప్పుడు నిల్వ సరిచేశాను, ఈ ఒక్కసారికి రద్దు చేయగలరు.

రెండూ ఒకే కాగితంలో కలపొద్దు. "నోటీసు రాలేదు, అయినా ఈసారికి క్షమించండి" అని రాస్తే తప్పు మీదేనని మీరే ఒప్పుకున్నట్టు. సోషల్ మీడియాలో బ్యాంకును ట్యాగ్ చేసేవాళ్లు ఖాతా నంబరు, ఫోన్ నంబరు పెట్టకండి. ఆ పోస్టు కింద ముందుగా పలకరించేది దొంగ కస్టమర్ కేరే.

ఫోన్ నంబరు మార్చి బ్యాంకులో చెప్పలేదా? నోటీసు పాత నంబరుకు వెళ్లి ఉండొచ్చు. అప్పుడు "రాలేదు" అన్న వాదన నిలబడదు. విన్నపం దారి పట్టండి, నంబరు కూడా మార్పించుకోండి.

6. ముప్పై రోజులు చూసి అంబుడ్స్‌మన్‌కు

బ్రాంచి కాదంటే అదే ఫిర్యాదు నంబరుతో బ్యాంకు నోడల్ అధికారికి పంపండి. ఆ వివరాలు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటాయి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ అనే పోర్టల్‌లో మొబైల్ ఓటీపీతో నమోదు చేయాలి. ఏ ఊరివాళ్లయినా అక్కడే. సందేహాలకు టోల్‌ఫ్రీ నంబరు 14448. గ్రామీణ బ్యాంకుల ఖాతాలకూ ఇది వర్తిస్తుంది. గడువు ఉంటుంది కాబట్టి బ్యాంకు కాదన్నాక నాన్చకండి.

ఫిర్యాదులు ఎక్కువగా తిరిగి వచ్చేది ఈ కారణాల వల్లే: బ్యాంకును అడగకుండా నేరుగా రిజర్వ్ బ్యాంకుకు రాయడం, 30 రోజులు ఆగకపోవడం, బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదు కాపీ జతచేయకపోవడం. ఇంకోటి, విన్నపాన్ని పట్టుకుని ఇక్కడికి రావడం. దయతో రద్దు చేయమని బ్యాంకును అంబుడ్స్‌మన్ ఆదేశించరు. నియమం ఎక్కడ తప్పిందో చూపించాలి.

7. డబ్బు వచ్చిందో లేదో సరిచూసుకోండి

"రివర్స్ చేశాం" అన్న ఎస్సెమ్మెస్ చూసి ఊరుకోకండి. స్టేట్‌మెంట్ తీసి చార్జీతో పాటు జీఎస్‌టీ కూడా వచ్చిందా, లీన్ తీసేశారా చూడండి. ఒక నెలది తిరిగి ఇచ్చి, తర్వాతి నెలల్లోవి అలాగే ఉంచేయడమూ జరుగుతుంది. తర్వాతి నెల స్టేట్‌మెంట్ కూడా చూశాకే ఫిర్యాదు ముగిసిందని ఒప్పుకోండి. మీకు జవాబు అందకముందే బ్యాంకు "పరిష్కారమైంది" అని పెట్టేస్తే మళ్లీ తెరిపించండి.

8. మళ్లీ పడకుండా

ఉద్యోగం మారినవాళ్లు ముందు పాత శాలరీ అకౌంట్ సంగతి చూడండి. కొన్ని నెలలు జీతం పడకపోతే అది మామూలు సేవింగ్స్ ఖాతాగా మారిపోతుంది, కనీస నిల్వ మొదలవుతుంది. హైదరాబాద్‌లో రెండు మూడు కంపెనీలు మారిన ఎవరి దగ్గరైనా ఇలాంటి ఖాతా ఒకటి దొరుకుతుంది. అవసరం లేకపోతే మూసేయండి. మూసే ముందు అందులో ఏ సిప్, ఏ ఇన్సూరెన్స్ మాండేట్ ఉందో చూసి కొత్త ఖాతాకు మార్చుకోండి.

నిల్వ ఉంచలేని ఖాతాను బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని రాసివ్వొచ్చు. కనీస నిల్వ ఉండదు, ఏటీఎం కార్డుకు ఏడాది ఫీజు ఉండదు, నెలకు కనీసం నాలుగు విత్‌డ్రాయల్స్ ఉచితం. అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉంచుకోవడం మాత్రం కుదరదు. అమ్మానాన్నల ఖాతాలకు ఇదే నయం.

జీతం 7న పడుతుంటే ఈఎంఐ తేదీ 5 ఉండటం ఏటా పన్నెండు సార్లు టెన్షన్. తేదీ మార్చమని లోన్ సంస్థను రాతపూర్వకంగా అడగండి. బౌన్స్ చార్జీకి భయపడి మాండేట్ రద్దు చేసుకుని, ఈఎంఐ కూడా కట్టకుండా ఉండకండి. చార్జీలు పెరుగుతాయి, సిబిల్ స్కోరు పడిపోతుంది. ఈ వసూళ్లు బౌన్స్ అయితే చెక్ బౌన్స్ తరహాలోనే కేసు వేసే వీలు 2007 నాటి చెల్లింపుల చట్టంలో ఉంది.

అమెరికాలో చదువుకునే పిల్లలు అడుగుతున్నారు కాబట్టి చివరిగా వాళ్ల సంగతి. అక్కడ నిల్వ లేకున్నా బ్యాంకు చెల్లించి ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు వేయొచ్చు. అయితే ఏటీఎం విత్‌డ్రాయల్స్‌కూ, డెబిట్ కార్డుతో చేసే రోజువారీ కొనుగోళ్లకూ మీరు ముందుగా ఒప్పుకుని ఉంటేనే ఆ ఫీజు వేయాలి. 2010 నుంచి ఉన్న నియమం ఇది. ఖాతా తెరిచేటప్పుడు "ఓవర్‌డ్రాఫ్ట్ కవరేజీ"కి టిక్ పెట్టారేమో యాప్‌లో చూసి తీసేయండి. ఎప్పుడైనా తీసేయొచ్చు. అద్దె కోసం రాసిన చెక్కులకూ, ఆటోపే బిల్లులకూ ఈ రక్షణ లేదు, వాటికి నిల్వ చూసుకోవాల్సిందే.